పదివేలలో తరుగెంత? – ప్రయాణంలో ట్యాబుకు పవర్ బ్యాంకు

2024 సెప్టెంబరు 1 తెల్లవారేసరికి కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య రైలు పట్టాల కింద కంకర లేదు. రాత్రి కురిసిన వాన కట్టను కోసుకుపోయింది. పట్టాలు స్లీపర్లతో సహా గాలిలో వేలాడాయి. కాజీపేట–విజయవాడ మార్గంలో ఎక్కడి బండ్లు అక్కడే ఆగిపోయాయి. ఇరుక్కున్న ప్రయాణికులను ఆర్టీసీ బస్సులు ఎక్కించి తరలించారు. బండ్లు మళ్లీ కదలడానికి మూడు నాలుగు రోజులు పట్టింది. ఆగిన రైల్లో తిండి, నీళ్ల తర్వాత మనిషి వెతుక్కునేది చార్జింగే. ఇంటికి ఫోను చేయాలి, వార్త చూడాలి, ఏడ్చే పిల్లకు ఏదో ఒక బొమ్మ పెట్టి చూపించాలి.

అంత వాన ఏటా రాదు కనుక దాన్ని చూసి పవర్ బ్యాంకు కొనమని చెప్పను. మామూలు రోజుల్లో, మామూలు ప్రయాణంలో ట్యాబు వెంట తీసుకెళ్లే మనిషికి ఇది అవసరమా, అవసరమైతే ఎంతది, ఎలాంటిది అన్నది తేల్చుకోవాలి. ఫోను సంగతైతే ఇంత చర్చ అక్కర్లేదు. ఏ పవర్ బ్యాంకు కొన్నా ఫోనుకు ఎంతో కొంత పని జరుగుతుంది. ట్యాబు దగ్గరికి వచ్చేసరికి అదే పవర్ బ్యాంకు చేతులెత్తేస్తుంది. బ్యాటరీ పెద్దది, తెర ఇంకా పెద్దది, సన్న కరెంటుకు అసలు కదలదు. ఫోను కోసం కొన్నదాన్నే ట్యాబుకు తగిలించి, గంట తర్వాత చూసి "ఎక్కుతలేదు" అని విసుక్కునేవాళ్లు చాలామంది.

మన దగ్గర ట్యాబు ఎవరి చేతిలో ఉందో ముందు చూద్దాం. నీట్‌కో, ఎప్‌సెట్‌కో, గ్రూప్స్‌కో ఆన్‌లైన్ పాఠాలు వినే పిల్లలు మొదటి వరస. వాళ్లు కేసముద్రంలో బండెక్కి వరంగల్‌కో సికింద్రాబాద్‌కో పోతారు. రెండోది ఊళ్లు తిరిగే ఉద్యోగులు. ఏఎన్‌ఎంల కోసం తెచ్చిన అన్మోల్ అనే యాప్ 2016లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది ట్యాబుల మీదే. అదే రాష్ట్రంలో 2022 డిసెంబరు 21న సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ల టీచర్లకు కలిపి ఐదు లక్షల పైచిలుకు ట్యాబుల పంపిణీ మొదలుపెట్టారు. ఇక కేసముద్రం వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్‌లో చేరిన దగ్గర్నుంచి పసుపు, మిర్చి, మక్కల ధరలు తెర మీదే తేలుతున్నాయి. ఫోను తెర మీద అంకెలు కనబడక పెద్ద తెర కొనుక్కున్న వ్యాపారులూ ఉన్నారు. వీళ్లందరి అవసరం ఒకటి కాదు. అందుకే "మంచి పవర్ బ్యాంకు ఏది?" అని అడిగితే ఒక్క పేరు చెప్పి తప్పించుకోవడం కుదరదు.

నా లెక్క ప్రకారం వీళ్లలో సగం మందికి పవర్ బ్యాంకు అక్కర్లేదు. ఈ మాట సెల్ షాపులో ఎవరూ చెప్పరు. ఐప్యాడ్‌కు ఆపిల్ కంపెనీ చెప్పుకునే లెక్క దాదాపు పది గంటల వీడియో. దాంట్లో మూడోవంతు కోసేసినా, కొత్త ట్యాబు ఏదైనా ఆరేడు గంటలు లాగుతుంది. గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ చేరడానికి అంత సమయం పట్టదు. ఇంట్లో రాత్రి నిండా ఎక్కించి, దారిలో వినాల్సిన పాఠాన్ని వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకుని, వెలుగు కాస్త తగ్గించుకుంటే చాలు. సిగ్నల్ కోసం వెతుక్కుంటూ వీడియో లాగే ట్యాబు, దింపుకున్న వీడియో ఆడించే ట్యాబు కంటే చాలా ఎక్కువ తాగుతుంది. ఊళ్ల మధ్య సిగ్నల్ పోతూ వస్తూ ఉండే చోట ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

అవసరం నిజంగా పడేది వేరే చోట. మూడు నాలుగేళ్లు వాడి బ్యాటరీ నీరసించిన ట్యాబు ఉన్నవాళ్లకు. పొద్దున పోయి రాత్రికి గాని ఇల్లు చేరని ఫీల్డు ఉద్యోగులకు. ప్లగ్గు అనేదే లేని పల్లె వెలుగు బస్సులో తిరిగేవాళ్లకు. మేడారం జాతరకు పోయి రెండు మూడు రోజులు గుడారం కింద ఉండేవాళ్లకు. రాత్రి బండ్లలో తిరుపతి, చెన్నై, ఢిల్లీ దాకా పోయేవాళ్లకు కూడా.

రాత్రి బండి అనగానే "బోగీలో ప్లగ్గు ఉంది కదా" అంటారు. ఉంది, కానీ రాత్రి పదకొండు నుంచి తెల్లవారి అయిదు దాకా దాంట్లో కరెంటు ఉండకపోవచ్చు. దీని వెనక మన నేల మీద జరిగిన ఒక ఘోరం ఉంది. 2013 డిసెంబరు 28 తెల్లవారుజామున అనంతపురం జిల్లా కొత్తచెరువు దగ్గర బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీ తగలబడింది. నిద్రలో ఉన్న 26 మంది చనిపోయారు. ఆ తర్వాత రైల్వే భద్రతా కమిషనర్ చేసిన సిఫారసుల్లో రాత్రిపూట చార్జింగ్ ప్లగ్గులు ఆపేయాలన్నది ఒకటి. రైల్వే బోర్డు అన్ని జోన్లకూ ఆదేశాలు పంపింది. 2021 మార్చిలో మళ్లీ రైళ్లలో మంటలు లేచాక దాన్ని గట్టిగా అమలు చేయడం మొదలైంది. కనుక రాత్రి ప్రయాణంలో ప్లగ్గును నమ్ముకోవద్దు. పగలైనా సరే, జనరల్ బోగీలో ప్లగ్గు దగ్గర కూర్చున్నవాళ్ల దయ మీద ఆధారపడాలి.

స్టేషన్లలో, ఎయిర్‌పోర్టుల్లో గోడకు బిగించిన యూఎస్‌బీ రంధ్రాల్లో నేరుగా వైరు పెట్టొద్దని రిజర్వు బ్యాంకు 2022లో వేసిన అవగాహన పుస్తకంలో హెచ్చరించింది. ఆ రంధ్రం గుండా సమాచారం లాగేయొచ్చన్నది వాళ్ల భయం. మన దగ్గర అది ఎంత తరచుగా జరుగుతుందో గాని, సొంత అడాప్టర్, సొంత పవర్ బ్యాంకు ఉన్నవాళ్లకు ఆ బెడదే లేదు.

ఇక అసలు సంగతికి వద్దాం. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 10,000 ఎంఏహెచ్ అని ఉంటుంది. ట్యాబు బ్యాటరీ 5,000 ఎంఏహెచ్ అయితే రెండుసార్లు నిండుతుందని లెక్క కట్టి కొంటాం. రెండుసార్లు నిండదు. మార్కెట్ యార్డుకు బస్తాలు దింపిన రైతుకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు: తేమ పేరుతో కొంత, తాలు పేరుతో కొంత, తరుగు పోయాకే తక్ పట్టీలో అంకె పడుతుంది. పవర్ బ్యాంకులోనూ తరుగు ఉంది, అదీ రెండు చోట్ల. తేడా ఏమిటంటే ఇక్కడ ఎవరూ మోసం చేయడం లేదు, భౌతిక శాస్త్రమే కోసుకుంటుంది.

లోపలి లిథియం సెల్లు దాదాపు 3.7 వోల్టుల దగ్గర పనిచేస్తుంది. 10,000 అన్న అంకె ఆ వోల్టేజీ దగ్గర కట్టిన లెక్క. బయటికి వచ్చే కరెంటు మాత్రం 5 వోల్టులు, లేదా 9 వోల్టులు. వోల్టు పెరిగినప్పుడు ఎంఏహెచ్ అంకె ఆ మేరకు తగ్గుతుంది. 10,000 కాస్తా 5 వోల్టుల దగ్గర 7,400 అవుతుంది. ఇంతవరకు శక్తి ఏమీ పోలేదు, లెక్క మాత్రమే మారింది. అసలు నష్టం తర్వాత. వోల్టేజీ పెంచే సర్క్యూట్ వేడెక్కి కొంత తింటుంది, వైరు కొంత తింటుంది. మిగిలేది 5,500 నుంచి 6,500 మధ్య. ఈ అంకె దాచిపెట్టిందేమీ కాదు. పవర్ బ్యాంకు వెనక చీమల్లాంటి అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని అచ్చు వేసే ఉంటుంది. కొనేటప్పుడు కళ్లజోడు పెట్టుకుని చదవాల్సిన మొదటి మాట అదే. రెండు కంపెనీలవి పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ముందు వైపున్న 10,000ను వదిలేసి, వెనకున్న ఈ అంకెను పోల్చండి. అది అసలు అచ్చు వేయనిది ఉంటే అక్కడే పక్కన పెట్టేయండి.

రెండో తరుగు ట్యాబు లోపల జరుగుతుంది. వచ్చిన కరెంటును తన బ్యాటరీకి ఎక్కించుకునేటప్పుడు ట్యాబు కూడా వేడెక్కుతుంది. అందులో పదోవంతు పోయిందనుకుందాం.

ఎంఏహెచ్ గోలంతా వదిలేసి వాట్ అవర్లలో లెక్క పెట్టుకుంటే పని తేలిక. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే 37 వాట్ అవర్లు. 20,000 అంటే 74. రెండు తరుగులూ పోగా ట్యాబు బ్యాటరీలోకి నిజంగా చేరేది మొదటిదాని నుంచి 25 వాట్ అవర్ల చిల్లర, రెండోదాని నుంచి 50 దగ్గర. ఇప్పుడు ట్యాబుల వైపు చూడండి. సామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్ బ్యాటరీ 5,100 ఎంఏహెచ్, అంటే 20 వాట్ అవర్లకు కొంచెం తక్కువ. చిన్న పవర్ బ్యాంకుతో దీన్ని ఒకసారి నిండా నింపి ఇంకా కాస్త మిగుల్చుకోవచ్చు. ట్యాబ్ ఏ9 ప్లస్‌ది 7,040 ఎంఏహెచ్, సుమారు 27 వాట్ అవర్లు. ఒకసారికి కొద్దిలో కొరత పడుతుంది. పదో తరం ఐప్యాడ్‌ది 28.6 వాట్ అవర్లు, అదీ అంతే. షావోమీ ప్యాడ్ 6 బ్యాటరీ 8,840 ఎంఏహెచ్, దానికి ముప్పావు వంతు. 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రో 40 వాట్ అవర్లు దాటుతుంది, దానికి పదివేలది మూడింట రెండు వంతులు కూడా రాదు.

ఈ లెక్క చూశాక కొందరు ఎగిరి ఇరవైవేలది కొనేస్తారు. ఆగండి. ట్యాబు సున్నా దగ్గర ఉన్నప్పుడు ఎవరూ ప్రయాణం మొదలుపెట్టరు. నిండుగా ఉన్న ట్యాబుకు ఇంకొక ముప్పావు ట్యాబు తోడైతే ఒక రోజు ప్రయాణం గడిచిపోతుంది. ఎనిమిది తొమ్మిది అంగుళాల ట్యాబు ఉన్నవాళ్లకు, వారానికోసారి బండెక్కే విద్యార్థికి పదివేలది సరిపోతుంది. పది, పదకొండు అంగుళాల ట్యాబుతో రోజంతా ఊళ్లు తిరిగేవాళ్లు, రెండు రాత్రులు రైల్లో ఉండేవాళ్లు, ట్యాబుతోపాటు ఇంట్లోవాళ్ల ఫోన్లకు కూడా తామే దిక్కయినవాళ్లు ఇరవైవేలది తీసుకోవాలి. దాని బరువు 350 నుంచి 450 గ్రాములు. ట్యాబు అంత బరువు ఉంటుంది. భుజాన సంచి వేసుకుని ఎండలో గడప గడపకూ తిరిగే ఏఎన్‌ఎంకు ఆ బరువు సాయంత్రానికి తెలిసొస్తుంది.

ఎంత ఉంది అన్నదానికంటే ఎంత వేగంగా ఇస్తుంది అన్నది ట్యాబుకు ఇంకా ముఖ్యం. దీన్నే వాట్లలో చెబుతారు. పాత తరహా వెడల్పాటి యూఎస్‌బీ రంధ్రం, 5 వోల్టులు 2 ఆంపియర్లు, అంటే 10 వాట్లు. తెర వెలుగుతూ, వీడియో ఆడుతూ, సిమ్ము పనిచేస్తూ ఉన్న పది అంగుళాల ట్యాబు ఐదారు వాట్లు అక్కడికక్కడే తాగేస్తుంది. మిగిలిన నాలుగు వాట్లే బ్యాటరీకి చేరతాయి. పాఠం వింటూ చార్జింగ్ పెడితే మహబూబాబాద్ నుంచి వరంగల్ దాకా వచ్చినా పది శాతం ఎక్కడం గగనం. పవర్ బ్యాంకు పాడైందనుకుంటాం. అది చేయగలిగినంతా చేసింది పాపం.

అందుకే ట్యాబు కోసమైతే సి టైపు రంధ్రం నుంచే కరెంటు బయటికి ఇచ్చేది, దాని మీద 'పవర్ డెలివరీ' లేదా 'పీడీ' అని రాసి ఉన్నది, కనీసం 18 నుంచి 20 వాట్లు ఇచ్చేది చూడాలి. కొన్నింటికి సి టైపు రంధ్రం ఉంటుంది గాని అది పవర్ బ్యాంకును నింపుకోవడానికే, ఇవ్వడానికి కాదు. 'ఇన్‌పుట్' అని మాత్రమే ఉందా, 'అవుట్‌పుట్' కూడా ఉందా అని చూసుకోండి. ఏ9 ప్లస్ లాంటి ట్యాబులు ఎంత ఇచ్చినా 15 వాట్లకు మించి పుచ్చుకోవు. వాటికి 65 వాట్ల పవర్ బ్యాంకు కొనడం డబ్బు దండగ. 45 వాట్లు పుచ్చుకునే గెలాక్సీ ట్యాబ్ ఎస్9 లాంటి వాటికి మాత్రం వట్టి పీడీ చాలదు, 'పీపీఎస్' అన్న మూడు అక్షరాలు కూడా ఉండాలి. లేకపోతే అవి నెమ్మదిగా ఎక్కడానికే ఒప్పుకుంటాయి. ఐప్యాడ్‌లకు పీపీఎస్‌తో పని లేదు.

వైరు మాట ఎవరూ పట్టించుకోరు. బండ్ల మీద అమ్మే యాభై రూపాయల వైరులో రాగి జుట్టు పోగంత ఉంటుంది. అంత సన్న తీగలో వోల్టేజీ దారిలోనే పడిపోతుంది, ట్యాబు దాన్ని పసిగట్టి తీసుకునే కరెంటు తగ్గించుకుంటుంది. రెండు వైపులా సి టైపు ఉన్న, పొట్టి, మందపాటి వైరు ఒకటి కొనుక్కుంటే సగం ఫిర్యాదులు పోతాయి. ట్యాబు డబ్బాలో వచ్చిన వైరు ఉంటే అదే ఉత్తమం.

పవర్ బ్యాంకును తిరిగి నింపడం మరో తిప్పలు. 74 వాట్ అవర్లది పాత 10 వాట్ల అడాప్టర్‌తో నింపాలంటే రాత్రంతా పడుతుంది. తెల్లారి బండి ఉందని రాత్రి పన్నెండుకు పెడితే సగమే నిండుతుంది, మధ్యలో కరెంటు పోతే అదీ ఉండదు. 18, 20 వాట్ల అడాప్టర్ అయితే ఐదారు గంటల్లో పని ముగుస్తుంది. పవర్ బ్యాంకు ధరలో అడాప్టర్ ధర కూడా కలుపుకుని చూసుకోవాలి.

వెనక సోలార్ పలక అంటించినవీ, అయస్కాంతంతో అతుక్కునేవీ రెండూ ట్యాబువాళ్లకు పనికిరావు. ఆ పలక ఒకటి రెండు వాట్లు ఇస్తే గొప్ప. ఇరవైవేల ఎంఏహెచ్ నిండాలంటే వారం పది రోజులు ఎండలో పెట్టాలి. మే నెలలో మన దగ్గర ఎండ 43, 44 డిగ్రీలు. ఆ ఎండలో లిథియం బ్యాటరీని ఆరబోయడం అంటే దాని ఆయుష్షును ఆరబోయడమే. అయస్కాంతంవి ఫోన్ల కోసం పుట్టినవి, ఐప్యాడ్‌లకు వైరు లేకుండా చార్జింగ్ ఎక్కే ఏర్పాటే లేదు.

ఇప్పుడు నకిలీల సంగతి. సెల్ షాపు ముందు నిలబడితే ఈ మాటలు వినబడతాయి:

"అన్నా, ఇదెంత ఎంఏహెచ్?"

"యాభై వేలు. వారం దాకా చూసే పనే లేదు."

"రేటు?"

"నీకైతే ఏడొందలు, తమ్మీ."

యాభై వేలు అన్న మాట నిజమో కాదో తేల్చడానికి మీటరు అక్కర్లేదు, త్రాసు చాలు. పవర్ బ్యాంకుల్లో వాడే గుండ్రటి సెల్లును 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. బరువు ఇంచుమించు 45 నుంచి 48 గ్రాములు. ఎంత మంచి కంపెనీ చేసినా ఒక్కో సెల్లులో పట్టేది 3,500 ఎంఏహెచ్ దగ్గరే ఆగిపోతుంది. యాభై వేలు కావాలంటే అలాంటివి పదిహేను పట్టాలి, అంటే సెల్లుల బరువే 700 గ్రాములు. పైన డబ్బా, సర్క్యూట్ అదనం. చేతిలో 200 గ్రాములు తూగే వస్తువు యాభై వేలని చెప్పుకుంటే, అందులో ఉన్నవి మూడు నాలుగు సెల్లులు. అవి కూడా పాత లాప్‌టాప్‌ల నుంచి పీకినవి కావచ్చు. పల్చటి దిమ్మె సెల్లులతో బరువు కాస్త తగ్గుతుంది గాని ఇంత తేడా రాదు. మామూలుగా పదివేలది 200 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. కిరాణా కొట్టు త్రాసు మీద పెట్టి చూడండి, షాపతను నవ్వినా సరే.

చట్టం ఇచ్చే రక్ష ఒకటుంది. పవర్ బ్యాంకులకు భారతీయ ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వెనకవైపు బీఐఎస్ గుర్తు, ఐఎస్ 13252 లాంటి ప్రమాణం నంబరు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. గుర్తు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు కాబట్టి అక్కడితో ఆగొద్దు. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ ఆర్ నంబరు కొడితే అది ఏ కంపెనీకి, ఏ వస్తువుకు ఇచ్చారో చూపిస్తుంది. డబ్బా మీద పేరు ఒకటి, యాప్‌లో పేరు ఇంకొకటి అయితే డబ్బులు జేబులో పెట్టుకుని వచ్చేయండి. ఇది షాపులో నిలబడి రెండు నిమిషాల్లో అయ్యే పని. కొంటే బిల్లు తీసుకోండి.

పేరున్న కంపెనీదైతే భయం లేదా అంటే, 2025 చూశాక అలా అనలేం. ఆ జూన్‌లో యాంకర్ కంపెనీ అమెరికాలో అమ్మిన ఒక మోడల్‌వి 11 లక్షలకు పైగా వెనక్కి పిలిచింది, అవి వేడెక్కి అంటుకుంటున్నాయని. అదే నెలలో చైనాలో రోమాస్ కంపెనీ దాదాపు 5 లక్షలు వెనక్కి తీసుకుంది. పేరున్నవాటిలోనూ సెల్లుల తయారీలో తేడాలు వస్తాయి. అయినా నేను పేరున్న కంపెనీ వైపే మొగ్గుతాను. తప్పు జరిగిందని చెప్పి వెనక్కి పిలవడానికి అక్కడ ఎవరో ఒకరున్నారు. ఏడొందలకు వచ్చే యాభై వేలదానికి ఆ దిక్కు లేదు.

ఈ మంటల వల్లే విమానాల్లో నిబంధనలు బిగుస్తున్నాయి. వరంగల్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి దుబాయికీ, అమెరికాకూ పోయేవాళ్లు తక్కువేమీ కాదు కాబట్టి ఇది మనకు దూరం సంగతి కాదు. 2025 జనవరి 28న దక్షిణ కొరియా బుసాన్‌లో ఎయిర్ బుసాన్ విమానం బయలుదేరకముందే పైకప్పు కాలిపోయింది. అందులో ఉన్నవాళ్లంతా బయటపడ్డారు. అనుమానం పైఅరలోని పవర్ బ్యాంకు మీదికి పోయింది. ఆ జూన్ 28 నుంచి చైనా తన దేశీయ విమానాల్లో అక్కడి భద్రతా గుర్తు లేని పవర్ బ్యాంకులను నిషేధించింది. అక్టోబరు 1 నుంచి ఎమిరేట్స్ విమానాల్లో మనిషికి ఒక్కటే, అదీ విమానంలో వాడకూడదు. అదే అక్టోబరులో ఢిల్లీ నుంచి దీమాపూర్ వెళ్లాల్సిన ఇండిగో విమానం రన్‌వే వైపు కదులుతుండగా ఒక ప్రయాణికుడి పవర్ బ్యాంకు అంటుకుంది, సిబ్బంది ఆర్పేశారు.

చాలా విమాన సంస్థల్లో పాత నియమాలు రెండు మారలేదు. కిందికి వేసే పెట్టెలో పవర్ బ్యాంకు పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల దాకా ఎవరినీ అడగక్కర్లేదు, 100 నుంచి 160 మధ్యదానికి విమాన సంస్థ ఒప్పుకోవాలి, ఆపైన అసలు కుదరదు. 100 వాట్ అవర్లంటే 27,000 ఎంఏహెచ్. ఆ లెక్కన యాభై వేలంటే 185 వాట్ అవర్లు. దాని మీద అచ్చు వేసిన అబద్ధమే దాన్ని శంషాబాద్‌లో చెత్తబుట్టలో వేయిస్తుంది. పది, ఇరవై వేలవి రెండూ ఈ హద్దులోనే ఉన్నాయి, కాని అంకెలు అరిగిపోయి కనబడకపోతే సెక్యూరిటీవాళ్లు తీసేసుకోవచ్చు. చెరిగిపోయే స్టిక్కరు కాకుండా డబ్బా మీదే అచ్చు వేసినది కొనమనేది అందుకే.

రైల్లో ఇంత పట్టింపు లేదు. పట్టింపు లేకపోవడం మన మీదే బాధ్యత పెడుతుంది. పవర్ బ్యాంకునూ ట్యాబునూ కలిపి దుప్పటి కిందో దిండు కిందో పెట్టి నిద్రపోవద్దు. బట్టల సంచిలో కుక్కి చార్జింగ్ పెట్టొద్దు. లిథియం సెల్లును 45 డిగ్రీలు దాటిన చోట నింపకూడదు. ఎండాకాలం మధ్యాహ్నం నాన్ ఏసీ స్లీపర్‌లో పై బెర్త్ మీద రేకు ఎంత కాలుతుందో పడుకున్నవాళ్లకు తెలుసు. అక్కడ ట్యాబు చార్జింగ్ ఎక్కడం ఆపేస్తే అది చెడిపోయినట్టు కాదు, తనను తాను కాపాడుకుంటోంది. కిటికీ నీడకు తెచ్చి, కవరు తీసి పెడితే మళ్లీ మొదలవుతుంది. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసే అలవాటు అన్నిటికంటే చెడ్డది.

ధరల మాటకొస్తే పేరున్న పదివేలది వెయ్యి నుంచి పదిహేను వందల మధ్య దొరుకుతుంది. ఇరవైవేలది పదిహేను వందల నుంచి రెండున్నర వేల దాకా. పీడీ, పీపీఎస్ చేరేకొద్దీ ఇంకా పెరుగుతుంది. ఆన్‌లైన్లో రెండు మూడు వందలు తక్కువకు వస్తుంది గాని, ఊళ్లో కొంటే చేత్తో పట్టుకుని, తూచి, ఆర్ నంబరు చూసి, మీ ట్యాబుకే తగిలించి 'ఫాస్ట్ చార్జింగ్' అని పడుతుందో లేదో చూసుకుని కొనొచ్చు. ఆ రెండు వందలు అందుకు ఇచ్చే కూలి అనుకుంటాను నేను. ట్యాబు తీసుకెళ్లకుండా మాత్రం షాపుకు పోవద్దు.

బాగా చూసుకుంటే మూడు నాలుగేళ్లు వస్తుంది. నెలల తరబడి వాడనప్పుడు నిండుగానూ కాకుండా, ఖాళీగానూ కాకుండా సగం చార్జింగ్‌తో చల్లటి చోట ఉంచాలి. పూర్తిగా ఖాళీ చేసి బీరువాలో పడేస్తే కొన్నాళ్లకు లేవదు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి మేడారానికో తిరుపతికో మాత్రమే తీసేవాళ్లు రెండు మూడు నెలలకోసారి కాస్త ఎక్కించి పెట్టాలి.

చివరికి అది చచ్చిపోయాక ఏం చేయాలన్నది మన దగ్గర ఇంకా సరిగ్గా తేలలేదు. 2022 ఆగస్టులో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం, అమ్మిన కంపెనీయే పాతవాటిని వెనక్కి సేకరించి శుద్ధికి పంపాలి. కాగితం మీద మంచి నియమం. ఊళ్లో జరిగేది వేరు, పాత ఇనుప సామానువాడి తోపుడు బండిలో ప్లాస్టిక్ డబ్బాలతోపాటు అదీ పోతుంది, రాగి కోసం ఎక్కడో ఎవరో సుత్తితో కొడతారు. సెల్లు పగిలితే మంటే. హన్మకొండ, వరంగల్ వైపు పోయినప్పుడు ఆ కంపెనీ సర్వీసు సెంటర్లోనో, ఈ-వ్యర్థాలు తీసుకునే చోటనో ఇచ్చేయడం మేలు. ఉబ్బిన పవర్ బ్యాంకైతే ఇంకొక్కసారి కూడా చార్జింగ్ పెట్టొద్దు, సూదితో గాలి తీద్దామని చూడొద్దు. ఇచ్చేదాకా దాన్ని ఇంటి బయట, ఇసుక పోసిన రేకు డబ్బాలో, మూత బిగించకుండా, పిల్లలకు అందని చోట ఉంచండి.